చేతక్ మళ్లీ సకిలించింది!

పన్నెండేళ్లుగా మెట్ల కింద దుమ్ము తింటున్న స్కూటరు. పాత ఇనుము కొట్టుకి ఇచ్చేద్దామన్నది కొడుకు మాట. ఒక్కసారి స్టార్టయితే చూడాలన్నది తండ్రి కోరిక. వాళ్లిద్దరి మధ్యా ఓ పాత మెకానిక్... ఆయన పానా పట్టాక ఏం జరిగిందన్నదే ఈ వారం ముచ్చట.

పాత ఇనుము కొనే అతను టైరుని కాలితో తన్ని చూశాడు. పక్క డొప్పల మీద వేళ్లతో తట్టాడు. "రెండు వేలండీ. రేకు మందంగా ఉంది కాబట్టి ఆ మాత్రమైనా వస్తోంది" అన్నాడు.

అది 2024 వేసవి. విజయవాడ గవర్నర్‌పేటలో ఓ పాత ఇల్లు. నెలాఖరుకల్లా ఖాళీ చేసి అపార్ట్‌మెంటుకి ఇచ్చెయ్యాలి. మంచాలు, బీరువాలు అన్నీ సర్దేశారు. మిగిలింది మెట్ల కిందున్న బూడిదరంగు బజాజ్ చేతక్ ఒక్కటే. ఇంటి పెద్దాయన రిటైర్డు లెక్కల మాస్టారు. 1986లో కొన్నారు దాన్ని. పిల్లల్ని బడికి దింపినా, తెనాలి పెళ్లికి వెళ్లినా, గ్యాసు బండ మోసుకొచ్చినా దాని మీదే. 2012లో ఆయన భార్య పోయారు. వెనక సీటు ఖాళీ అయిన తర్వాత మాస్టారికి ఆ బండి తియ్యబుద్ధి కాలేదు. అలా ఓ రోజు స్టాండు వేసిన స్కూటరు మళ్లీ కదల్లేదు.

"కొత్త ఫ్లాట్లో దీన్నెక్కడ పెడతాం నాన్నా?" అన్నాడు బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు. అడిగినదాంట్లో తప్పేం లేదు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. చివరికి "ఒక్కసారి స్టార్టవుతుందేమో చూద్దాంరా. కాకపోతే నువ్వన్నట్టే ఇచ్చేద్దాం" అన్నారు.

పందెం అక్కడ మొదలైంది.

గుర్రం పేరు... హెలికాప్టర్ బుర్ర

ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరుగానీ, ఒకప్పుడు ఇంటికి స్కూటరు రావడమంటే ఇంటికి కోడలు రావడమంత సందడి. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. బుకింగ్ కాగితాన్ని కట్నంలో లెక్కగట్టిన సంబంధాలూ ఉన్నాయి.

ఈ బండి మూలాలు ఇటలీలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అప్పటిదాకా విమానాలు తయారుచేసిన పియాజియో కంపెనీ 1946లో వెస్పా స్కూటర్ని తెచ్చింది. దాన్ని రూపొందించిన కొరాడినో దస్కానియో హెలికాప్టర్ల ఇంజనీరు. ఆయనకు మోటారు సైకిళ్లంటే గిట్టేది కాదట. గొలుసు నూనె బట్టలకంటుతుంది, కాలు ఎత్తి ఎక్కాలి, టైరు మార్చడం తలనొప్పి. అందుకే గొలుసు తీసేశాడు. ఇంజను, క్లచ్, గేర్లు అన్నీ ఒకే ముద్దగా చేసి వెనక చక్రానికే తగిలించాడు. విడిగా ఫ్రేము అంటూ లేకుండా రేకునే ఒళ్లుగా మలిచాడు. చీర కట్టుకున్నవాళ్లూ పంచె కట్టుకున్నవాళ్లూ హాయిగా కూర్చోగలిగారంటే అది ఆయన చలవే.

మన దేశంలో బజాజ్ కంపెనీ 1960ల్లో అదే వెస్పాను లైసెన్సు మీద తయారుచేసింది. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటి ఏడాది సొంత పేరుతో వచ్చిన బండే చేతక్. మహారాణా ప్రతాప్ గుర్రం పేరది. 145 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, చేత్తో తిప్పే నాలుగు గేర్లు, పదంగుళాల చక్రాలు. 'హమారా బజాజ్' ప్రకటన టీవీల్లో మోగే నాటికి మధ్యతరగతి ఇంటి ముందు అది సభ్యురాలైపోయింది.

పెట్రోలు... నిప్పు... ఒత్తిడి

రెండు వీధుల అవతల, వేపచెట్టు కింద రేకుల షెడ్డు. అందులో అరవై ఎనిమిదేళ్ల మెకానిక్. మాస్టారి స్కూటరుకి మొదట్నుంచీ ఆయనే వైద్యుడు. తోపుడుబండి మీద ఎక్కించి తెచ్చిన చేతక్‌ని చూడగానే "ఏం మాస్టారూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అని నవ్వాడు.

కొడుకు ఉత్సాహంగా కిక్కరు మీద కాలు పెట్టబోయాడు. "ఆగు బాబూ, ఆగు! పన్నెండేళ్లు పడుకున్నదాన్ని లేపి పరుగెత్తమంటే ఎలా?" అని వారించాడు మెకానిక్. ప్లగ్గు విప్పి ఆ కంతలోంచి రెండు చెంచాల ఆయిలు పోశాడు. ఆ రాత్రికి అలాగే వదిలేశాడు. తుప్పు పట్టి రింగులు బోరుకి అంటుకుని ఉంటే, బలవంతంగా కిక్కు కొట్టగానే విరిగి బోరంతా గీతలు పడతాయి. తెల్లారాక మ్యాగ్నెట్‌ని చేత్తో మెల్లగా తిప్పాడు. మొరాయించింది. వెనక్కీ ముందుకీ ఆడించాడు. పదోసారో పన్నెండోసారో కదిలింది. "పట్టెయ్యలేదు. బతికే ఉంది" అన్నాడు.

ఏ పెట్రోలు ఇంజనుకైనా కావాల్సినవి మూడు. సరైన పాళ్లలో పెట్రోలూ గాలీ, సరైన సమయానికి నిప్పురవ్వ, పిస్టను పైకొచ్చినప్పుడు తగినంత ఒత్తిడి. స్టార్టవని బండి ముందు కూర్చున్న మెకానిక్ ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వెళతాడు. మాస్టారి లెక్కల భాషలో చెప్పాలంటే ఎలిమినేషన్ పద్ధతి.

మొదట పెట్రోలు. ట్యాంకు మూత తియ్యగానే వార్నిషు వాసన. నిలవున్న పెట్రోల్లో తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురవుతుంది. కార్బొరేటరు విప్పితే జెట్ల సన్నటి కంతలన్నీ ఆ జిగురుతో మూసుకుపోయాయి. థిన్నర్లో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేశాడు. "సూదితో పొడవకూడదు. కంత వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది" అన్నాడు. గట్టిపడిన రబ్బరు పైపునీ మార్చేశాడు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బర్లని మెత్తబరుస్తుంది. ఆనాటి బండ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. అందుకని ఇథనాల్‌ని తట్టుకునే పైపు వేశాడు.

తర్వాత నిప్పు. ప్లగ్గుని హెడ్డుకి ఆనించి కిక్కు కొడితే రవ్వ లేదు. మ్యాగ్నెట్ లాగితే లోపల పాయింట్లు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజనులో ఈ చిన్న బిళ్లలు నిమిషానికి మూడు వేలసార్లు తెరుచుకుంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ ప్లగ్గులో ఓ రవ్వ. వాటి మధ్య సందు ఉండాల్సింది అరమిల్లీమీటరు లోపే. సన్న గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచేసి, కండెన్సరు కొత్తది వేస్తే... చిటుక్కున నీలిరంగు రవ్వ!

అరిచిన గుర్రం

మూడోరోజు సాయంత్రం. లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిలు కలిపిన కొత్త పెట్రోలు పోశారు. టూ స్ట్రోక్‌లో ఇంజను అడుగుభాగంలోంచే పెట్రోలూ గాలీ వెళతాయి కాబట్టి అక్కడ విడిగా ఆయిలు నిలవదు. పెట్రోలుతో వచ్చే ఆ కాస్త నూనే దానికి దిక్కు.

మాస్టారు ముందుకొచ్చారు. అలవాటైన చేతులు కదా... బండిని తనవైపుకి వంచారు. చుట్టూ చేరినవాళ్లంతా నవ్వారు. అలా వంచడం ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ పొద్దున్నే కనిపించే దృశ్యం. వంచినప్పుడు కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలు కాస్త లోపలికి జారి, చల్లటి ఇంజను త్వరగా అందుకుంటుందని మెకానిక్ మాట.

ఒక కిక్కు. రెండు. మూడు. "డుగ్...డుగ్..." అంటూ అందుకుంది. తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

ఆ సంబరం పది సెకన్లే. యాక్సిలేటరు వదిలేసినా ఇంజను వేగం తగ్గలేదు. పైపెచ్చు పెరుగుతోంది. చూస్తుండగానే కీచుమని అరవడం మొదలెట్టింది. తాళం తిప్పినా ఆగలేదు. మెకానిక్ ఒక్క గెంతులో వచ్చి, క్లచ్ నొక్కి నాలుగో గేరు వేసి, బ్రేకు మీద నిలబడి క్లచ్ వదిలాడు. దభీమని కుదిపి ఆగిపోయింది.

"చూశావా నాన్నా? ఇందుకే వద్దంటున్నా. ఎవరికైనా ఏమన్నా అయితే?" అన్నాడు కొడుకు. మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. ఆయన చేతులు వణకడం అందరికీ కనిపించింది.

మెకానిక్ మాత్రం స్థిమితంగానే ఉన్నాడు. జబ్బు ఏమిటో ఆయనకి అప్పటికే తెలిసిపోయింది. క్రాంకుకి రెండు వైపులా రబ్బరు ఆయిల్ సీళ్లుంటాయి. పన్నెండేళ్ల ఎండకి అవి బిగుసుకుని పగిలాయి. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే అక్కడినుంచి అదనపు గాలి లోపలికి చొరబడుతుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. దాంతో ఇంజను వేడెక్కుతుంది, మన మాట వినకుండా పరుగెడుతుంది. ఇక క్లచ్ వైపు సీలు పోతే గేరుబాక్సులోని ఆయిలు లోపలికి పీల్చుకుని తెల్లగా పొగ కక్కుతుంది. మాస్టారి బండిలో రెండూ పోయాయి. పొగా పరుగూ రెండూ కలిసి ఆ సంగతి చెప్పేశాయి.

"ఇంజను దింపి రెండు చెక్కలూ విడగొట్టాలి. సీళ్లు ఖరీదైనవేం కావు. పనే ఎక్కువ. ఏం చెయ్యమంటారు?" అనడిగాడు.

మాస్టారు కొడుకు వైపు చూశారు. కొడుకు బండి వైపు చూశాడు. కాసేపాగి "దింపండి" అన్నది కొడుకే.

సీను మారింది!

ఇంజను విప్పేసరికి కొడుకులోని ఇంజనీరు నిద్రలేచాడు. రోజూ పొద్దున్నే షెడ్డుకి హాజరు. బోరులో అరుగుదల కనిపించడంతో, పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టను కోసం బోరు కొట్టించడానికి ఆటోనగర్ పరుగెత్తింది అతనే. సైలెన్సర్‌లో గడ్డకట్టిన మసిని కాల్చి దులిపిందీ అతనే. ఆ ఉత్సాహంలోనే కొత్త కోరికలూ పుట్టుకొచ్చాయి. పెద్ద బోరు వేస్తే ఎలా ఉంటుంది? మోత మోగే సైలెన్సర్? ఇంజను అందంగా కనిపించేలా డొప్పలూ లోపలి మూతా తీసేస్తే?

మెకానిక్ కాదనలేదు. ఒక్కోదానికీ కారణం చెప్పాడు.

మోటారు సైకిల్ ఇంజనుకి ఎదురుగాలి తగులుతుంది. చేతక్ ఇంజను డొప్ప చాటున దాక్కుంటుంది. దాన్ని చల్లబరిచేది మ్యాగ్నెట్ మీదున్న ఫ్యాను రెక్కలు, ఆ గాలిని బోరు చుట్టూ తిప్పే రేకు మూత. అది తీసేస్తే గాలి ఎటో పోతుంది. బోరు కాలిపోయి పిస్టను పట్టేస్తుంది. నడుస్తున్న బండిలో పిస్టను పట్టేస్తే వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్ నొక్కాలని తెలియనివాడు రోడ్డు మీద ఉంటాడు. "అలా పడ్డవాళ్లని ఇద్దర్ని నేనే ఎత్తాను బాబూ" అన్నాడాయన.

టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ అంటే చప్పుడు తగ్గించే డబ్బా మాత్రమే కాదు. బయటికి పోబోయే తాజా పెట్రోలుని మళ్లీ లోపలికి నెట్టే పనీ దానిదే. లోపలి గొట్టాలు పీకేస్తే మోత పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. ఇక పెద్ద బోరు వేసి వేగం పెంచితే, ఆపాల్సింది మాత్రం ఆ పదంగుళాల చక్రాల్లోని పాత డ్రమ్ము బ్రేకులే.

పైగా చట్టం కూడా ఊరుకోదు. కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే మాట స్పష్టం చేసింది.

ఆరు నుంచి పన్నెండుకి

ఒక్క మార్పుకి మాత్రం మెకానిక్ తనంతట తనే ఓటేశాడు. అది కరెంటు వ్యవహారం.

పాత చేతక్‌కి బ్యాటరీ లేదు. ఆరు వోల్టుల కరెంటు నేరుగా మ్యాగ్నెట్ కింది కాయిళ్ల నుంచి వస్తుంది. ఇంజను జోరుగా తిరిగితే లైటు వెలుగు, నెమ్మదిస్తే మినుకు మినుకు. సిగ్నల్ దగ్గర ఆగితే మిణుగురు పురుగే నయం. ఇంకో చిక్కు... ఒక బల్బు మాడిపోతే దాని వాటా కరెంటు మిగతావాటి మీద పడి అవీ మాడతాయి. రాత్రిపూట హెడ్‌లైటూ వెనక లైటూ ఒకేసారి పోవడం మాస్టారికి అనుభవమే. ఓసారి కంకిపాడు దగ్గర లారీ వెనకాలే దాని దీపం పట్టుకుని ఇల్లు చేరారట.

తర్వాత్తర్వాత వచ్చిన స్కూటర్లలో పన్నెండు వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టారు. వాడుకలో సీడీఐ అంటారు. ఇందులో అరిగిపోయే పాయింట్లుండవు. పికప్ కాయిలు సైగ చేస్తే, చిన్న డబ్బాలో దాచిన కరెంటు ఒక్కసారిగా విడుదలై రవ్వ పుడుతుంది. వానలో తడిసినా, ఇంజను నెమ్మదిగా ఉన్నా రవ్వ బలంగా ఉంటుంది.

అయితే డబ్బా ఒక్కటీ మారిస్తే సరిపోదు. కాయిళ్ల పళ్లెం, మ్యాగ్నెట్, వైరింగు, బల్బులు, హారను అన్నీ మారాలి. కొత్త మ్యాగ్నెట్ లోపలి వాలు క్రాంకు కొసకి అచ్చంగా సరిపోవాలి. రంగు పూసి తొడిగి, ఎక్కడ అంటుకుందో చూశాడు మెకానిక్. సరిపోకపోతే బిగించిన నాలుగు రోజులకే వదులై, మధ్యనున్న అర్ధచంద్రాకారపు కీ తెగుతుంది. దాంతో రవ్వ పడే సమయం తప్పి ఇంజను వెనక్కి తంతుంది. బిగించాక టైమింగ్ లైటు వేసి గుర్తులు కలిశాయో లేదో చూసుకున్నాడు. కరెంటు హద్దు దాటకుండా రెగ్యులేటరు పెట్టాడు. ఎండి పెళుసుబారిన పాత వైర్లన్నీ పీకేసి కొత్తవి లాగాడు. మధ్యలో ఫ్యూజు పెట్టాడు. "పాత బండి తగలబడిందంటే సగం పాపం ఇన్సులేషన్ ఊడిన వైరుదే" అన్నాడు.

బిస్కెట్ డబ్బా

విప్పిన పాయింట్ల పళ్లెం బల్ల మీద ఉంది. కొడుకు దాన్ని తుక్కుబుట్టలో వెయ్యబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. తుడిచి, ఓ పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి డిక్కీలో దాచారు. ఆ డిక్కీ అడుగున కొడుక్కి ఇంకోటి దొరికింది. ఓ చేతిరుమాలు. ప్లగ్గు తుడవడానికి వాడి వాడి నల్లబడింది. మూలన మాత్రం ఎర్రదారంతో కుట్టిన చిన్న పువ్వు ఇంకా కనిపిస్తోంది. అమ్మ కుట్టు. అతను దాన్నీ ఆ డబ్బాలోనే పెట్టి మూత బిగించాడు.

చేతక్ మళ్లీ స్టార్టయింది. ఈసారి అరవలేదు. యాక్సిలేటరు వదలగానే బుద్ధిగా "టుక్ టుక్" మంటూ నిలబడింది. హెడ్‌లైటు షెడ్డు చివరి గోడ మీద గుండ్రంగా పడింది. బోరు కొట్టిన బండి కాబట్టి మొదటి కొన్ని వందల కిలోమీటర్లూ నలభై దాటొద్దని, ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేర్లో మూలిగించొద్దని మెకానిక్ కొడుకుచేత ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. 2016లోనే గడువు తీరిన ఆర్సీని రెన్యువల్‌కి పెట్టారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి తనిఖీ చేయించుకోవాలి. హరిత పన్ను కట్టాలి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ సరేసరి. అవన్నీ చేతికొచ్చేదాకా బండి షెడ్డు దాటలేదు.

ఇంత చేసినా అది రోజూ తిరిగే బండి కాదు. టూ స్ట్రోక్ ఇంజను కొంత పెట్రోలుని కాలకుండానే బయటికి వదిలేస్తుంది. 2000 నుంచి కాలుష్య ప్రమాణాలు బిగిసేకొద్దీ ఈ ఇంజన్లు కనుమరుగైంది అందుకే. 2020లో అదే చేతక్ పేరుతో వచ్చిన స్కూటరు కరెంటుతో నడుస్తుంది. దానికి కిక్కు లేదు, ప్లగ్గు లేదు, వంచే పని అంతకన్నా లేదు. మెకానిక్ కొడుకు పనిచేసేది కూడా ఓ ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములోనే. "మావాడికి పానా పట్టే పన్లేదు మాస్టారూ, ల్యాప్‌టాప్ తగిలించి జబ్బు చెప్పేస్తాడు" అంటాడాయన కాస్త గర్వంగా, కాస్త దిగులుగా.

కాగితాలన్నీ వచ్చాక ఓ ఆదివారం తెల్లవారుజాము. రోడ్ల మీద ఇంకా రద్దీ లేదు. కొడుకు హెల్మెట్ పెట్టుకుని హ్యాండిల్ పట్టుకున్నాడు. చేతుల వణుకు వల్ల తను నడపలేనని మాస్టారే చెప్పేశారు. ఆయన ఆ స్కూటరు వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆ సీటు నుంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో ఆయనకు తెలియదు.

ప్రకాశం బ్యారేజీ మీద నుంచి వెళుతుంటే కృష్ణ గాలి చల్లగా కొట్టింది. సగం దూరం వచ్చాక మాస్టారు కొడుకు భుజం తట్టారు. ఏమైందోనని అతను వేగం తగ్గించాడు.

"ఏం లేదురా. మీ అమ్మ ఎప్పుడూ ఇక్కడికి రాగానే 'మెల్లిగా పోనియ్యండి' అనేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నారాయన.

కొత్త ఫ్లాటుకి మెట్ల కింద చోటు లేదు. కానీ పార్కింగులో కారు పక్కన మూడడుగుల జాగా ఉంది. ప్రస్తుతం చేతక్ అక్కడే ఉంది.